ఫార్మాట్ కొట్టించే ముందు: ఆఫీసులో పాత కంప్యూటర్లు, పాత వైర్లు

హన్మకొండలో ఏ చిన్న ఆఫీసుకు పోయినా, ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఏ జిన్నింగ్ మిల్లు లెక్కల గదిలో చూసినా సామాను దాదాపు ఒకటే. జీ41 బోర్డో హెచ్61 బోర్డో (పాత ఇంటెల్ మదర్‌బోర్డులు) ఉన్న సీపీయూ డబ్బా, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, బీరువా మీద దుమ్ము పట్టిన ఎనిమిది పోర్టుల స్విచ్, అక్కడి నుంచి కిటికీ సందులోంచి పక్క గదికి పోయిన వైరు. స్లో అయిందంటే "ఫార్మాట్ కొట్టియ్యి" అంటారు. కొట్టిస్తే పది రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఆ తర్వాతి మాట "పాతదైపోయింది, కొత్తది కొందాం". కొత్తది వచ్చినా మధ్యాహ్నం పూట నెట్‌వర్క్ పోతూనే ఉంటుంది. చెడింది కంప్యూటర్ కాదు కాబట్టి.

నా మాట ఒకటే. డబ్బు పెట్టే వరుస మార్చుకోవాలి. ముందు కరెంటు, తర్వాత వైరు, తర్వాత డిస్క్, అన్నిటికన్నా చివర డబ్బా. ఈ పని పెట్టుకోవడానికి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మంచి అదను. పత్తి మిల్లుకు రాదు, వడ్ల కాంటాలు ఉండవు, ఒక రోజు మెషీన్లు ఆపినా ఎవరి పనీ ఆగదు.

కరెంటు

డబ్బా రేకు మీద చెయ్యి వేస్తే సన్నగా జిల్లుమంటోందా? ఆ సాకెట్‌లో ఎర్త్ లేనట్టే. ఎస్ఎంపీఎస్ (డబ్బాలో కరెంటును మార్చి బోర్డుకు ఇచ్చే పెట్టె) లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. మూడో పిన్ను ఎర్త్‌కు అందకపోతే బాడీ మీద సరఫరాలో దాదాపు సగం, అంటే 115 వోల్టుల దాకా వోల్టేజీ నిలుస్తుంది. ఆ కరెంటు చాలా తక్కువే గానీ, మెషీన్ ఆన్‌లో ఉండగా ప్రింటర్ కేబులో మానిటర్ కేబులో పెట్టిన ప్రతిసారీ అది ఆ పోర్టు గుండానే దారి చూసుకుంటుంది. పోర్టులు "ఊరికే" కాలిపోతున్నాయని అనుకునే చోట ముందు చూడాల్సింది ఇదే.

మల్టీమీటర్‌ను 750 వోల్టుల ఏసీ మీద పెట్టి మూడు కొలతలు తీయాలి: ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్. మొదటి రెండూ దగ్గరదగ్గరగా రావాలి. మూడోదాన్ని కూడా ముందు 750లోనే చూసి, చిన్న అంకె వచ్చాకే 200 రేంజికి మార్చాలి. 2 వోల్టుల లోపు ఉంటే మంచిది, 5 దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. సాకెట్‌లో ప్రోబు పెట్టే అలవాటు లేనివాళ్లు మొదటి నుంచీ ఎలక్ట్రీషియన్‌తోనే చూపించుకోవాలి. వానాకాలంలో సరిగ్గా వచ్చిన కొలత ఏప్రిల్, మే నెలల్లో పెరిగిపోతుంది, నేల ఎండి ఎర్త్ గుంత పట్టు తప్పుతుంది కాబట్టి. ఉప్పు, బొగ్గు వేసిన గుంతకు ఎండాకాలంలో రోజు విడిచి రోజు రెండు బకెట్ల నీళ్లు పోస్తే చాలు. ఇంత సులువైన పనిని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధ.

యూపీఎస్‌లో ఉండేది సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ. దాని ఆయుష్షు రెండు మూడేళ్లు. గది వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. రామగుండం, మంచిర్యాల వైపు రేకుల షెడ్డులో పెట్టిన యూపీఎస్ ఒక్క ఎండాకాలానికే చేతులెత్తేయడానికి కారణం అదే. ఊరికే ఉన్నప్పుడు 12.7 వోల్టులు చూపించినంత మాత్రాన బాగున్నట్టు కాదు. గోడ ప్లగ్గు తీసి, లోడు మీద రెండు నిమిషాలు నడపాలి. వోల్టేజీ గబగబా 10.5కు జారితే మార్చాల్సిందే. పక్కలు ఉబ్బి ఉంటే కొలవకుండానే తీసేయాలి. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు కలపొద్దు. కాగితాన్ని వేడి చేసే రోలర్ మొదలైన క్షణంలో అది వెయ్యి వాట్ల దాకా లాగుతుంది, 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగింది 360 వాట్లే.

ఎస్ఎంపీఎస్ సంగతి. మెషీన్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంటే వైరస్ అనుకోకముందు 4 పిన్ల మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు, నలుపు వైర్ల మధ్య డీసీ వోల్టేజీ చూడాలి. 11.4 నుంచి 12.6 లోపు ఉండాలి. ఎరుపు, నలుపు మధ్య 4.75 నుంచి 5.25. మెషీన్ మీద పని పెట్టి చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి. బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు ఉబ్బినా, గోధుమ రంగు జిగురు కారినా ఎస్ఎంపీఎస్ మార్చి లాభం లేదు, అవి మార్చించాలి. ఇంకొక చిక్కు: డెల్ ఆప్టిప్లెక్స్ 3020, 9020 లాంటి వాటిలో బోర్డుకు పోయే కనెక్టర్ 8 పిన్లది. బజారులో దొరికే 24 పిన్ల ఎస్ఎంపీఎస్ నేరుగా పట్టదు, 24 నుంచి 8కి మార్చే వైరు కూడా తీసుకోవాలి.

పత్తి మిల్లుల్లో నుసి వేరే సమస్య. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య అది దుప్పటిలా పేరుకుంటుంది, ఫ్యాను తిరుగుతున్నా గాలి లోపలికి పోదు. ప్రాసెసర్ వంద డిగ్రీల దగ్గరకు చేరగానే తన వేగం తానే తగ్గించుకుంటుంది. మనకు "స్లో" అని కనిపించేది అదే. డబ్బాను బయటికి తెచ్చి, ఫ్యాను రెక్కను వేలితో ఆపి బ్లోయర్ పట్టాలి, గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోతుంది. హీట్‌సింక్ తీస్తే దాని కింద ప్రాసెసర్ మీదున్న పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, శనగగింజంత కొత్తది పెట్టాలి. ఇంటెల్ ఫ్యాన్ల నాలుగు ప్లాస్టిక్ కాళ్లను మూలకు మూల ఎదురెదురుగా నొక్కాలి. ఒకటి సరిగ్గా దిగకపోయినా పేస్ట్ పెట్టిన కష్టమంతా వృథా. మిల్లుల్లో ఈ పని మూడు నెలలకోసారి, మామూలు ఆఫీసులో ఏడాదికోసారి.

వైరు, స్విచ్

100 ఎంబీపీఎస్ లింకుకు 1, 2, 3, 6 పిన్లు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. అందుకే వైరులో నీలమో గోధుమ రంగు జతో తెగితే నెట్ పోదు, 100కు పడిపోతుంది, ఎవరికీ తెలియదు. సెకనుకు 110 మెగాబైట్లు కాపీ కావాల్సింది 11 దగ్గర ఆగుతుంది. విండోస్‌లో ఈథర్నెట్ వివరాల్లో లింక్ స్పీడ్ 100/100 అని ఉందా 1000/1000 అని ఉందా చూడండి. 100 ఉంటే, స్విచ్ కూడా పాత 10/100 రకమా కాదా చూసి, కాకపోతే రెండు కొసలూ కోసి కొత్త జాకులు (కొసన ఉండే ప్లాస్టిక్ ప్లగ్గులు) వేయండి.

జాకు వేసే వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు వైపులా ఇదే. "రెండు వైపులా ఒకటే ఉంటే చాలు, రంగు ఏదైతేనేం" అని జతలను పక్కపక్కన పేర్చేవాళ్లు ఉన్నారు. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి గానీ 3, 6 పిన్లకు వేర్వేరు జతల పోగులు వెళ్తాయి. జతలోని రెండు పోగులను మెలేసేదే ఒక జత సిగ్నల్ ఇంకో జతకు తగలకుండా. ఆ మెలిక అక్కడ పనిచేయదు. వైరు పొట్టిగా ఉంటే నడుస్తుంది, ముప్పై నలభై మీటర్లు దాటితే ప్యాకెట్లు పోతాయి. మెలిక విప్పేది అర అంగుళం మించొద్దు. పైతొడుగు జాకు లోపలికి వెళ్లి దాని మీద నొక్కు పడాలి, లేకపోతే బరువంతా సన్న తీగల మీదే పడుతుంది.

వైరు కొనేటప్పుడు ఒక తీగను కోసి కొస చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. పట్టుకుంటే వైరు చుట్ట తేలిగ్గా ఉంటుంది, ధర కూడా తక్కువే. నాలుగుసార్లు వంగితే విరుగుతుంది, జాకు దగ్గర తుప్పు పడుతుంది, కెమెరాలకు వైరులోనే కరెంటు పంపితే వేడెక్కుతుంది. గోడలో వేసే వైరుకు స్వచ్ఛమైన రాగి క్యాట్6 తప్ప వేరేది వద్దు. ఎలుకలున్న చోట పీవీసీ పైపులో, కరెంటు వైరుకు జానెడు దూరంగా నడపాలి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి, వెంట నడపొద్దు.

గేటు దగ్గర వేబ్రిడ్జి (లారీలు తూచే కాటా), లోపల ఆఫీసు ఉన్న రైస్ మిల్లుల్లో రెండు తప్పులు ఒకేచోట కలుస్తాయి. వైరు దాని హద్దైన వంద మీటర్లు దాటుతుంది, అది ఎర్త్ వేరువేరుగా ఉన్న రెండు కట్టడాల మధ్య ఆరుబయట పోతుంది. మే నెల గాలిదుమారంలో దగ్గర్లో పిడుగు పడితే రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా అంతా ఆ రాగి వైరు గుండా పరుగెత్తి రెండు కొసల పోర్టులనూ తీసుకుపోతుంది. అక్కడ ఫైబరే వేయాలి. గాజు తీగకు కరెంటు తెలియదు. ఒక్క పోగు మీద నడిచే మీడియా కన్వర్టర్లు జతగా వస్తాయి. ఒకటి 1310 నానోమీటర్ల మీద పంపి 1550 మీద అందుకుంటుంది, రెండోది దానికి తిరగేసి. రెండు వైపులా ఒకే రకం పెడితే లింకు లైటే రాదు. ఒకటి పోతే కొనేది ఏ రకమో ముందే రాసి పెట్టుకోవాలి.

మధ్యాహ్నం హ్యాంగ్ అయి, ప్లగ్గు తీసి పెడితే నడిచే స్విచ్‌ను పారేయకండి. చాలాసార్లు పోయింది దాని అడాప్టరే. లోపలి కెపాసిటర్ ఎండిపోయి, వేడెక్కినప్పుడు వోల్టేజీ కిందికి దిగుతుంది. అదే వోల్టేజీ, అంతకు సమానమో ఎక్కువో ఆంపియర్లు, ప్లస్ మైనస్ గుర్తు అదే ఉన్న అడాప్టర్ పెట్టి రెండు రోజులు చూడండి.

ఆఫీసు మొత్తం ఒక్కసారిగా ఆగి, స్విచ్ లైట్లన్నీ గుడ్డిగా మిలమిలలాడుతుంటే ఊడ్చేటప్పుడు ఊడిన వైరును ఎవరో సాయం చేద్దామని అదే స్విచ్‌లో ఇంకో పోర్టుకు గుచ్చి ఉంటారు. రెండు కొసలూ ఒకే చోట కలిస్తే ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతూ పెరిగిపోతాయి. ఒక్కో వైరు తీస్తూ పోతే ఏది తీసినప్పుడు లైట్లు నెమ్మదిస్తాయో అదే.

ఒక్క మెషీన్‌కో రెండింటికో మాత్రమే నెట్ రాకుండా, ఐపీ అడ్రస్ మిగతావాటికి భిన్నంగా కనిపిస్తే పాత వైఫై రౌటర్‌ను స్విచ్‌గా వాడుతున్నారేమో చూడండి. అది కూడా ఐపీలు పంచుతుంది, అసలు రౌటర్ కూడా పంచుతుంది, ఎవరు ముందు జవాబిస్తే వాళ్ల అడ్రస్ తగులుకుంటుంది. పాతదానిలో డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) ఆపి, దాని అడ్రస్‌ను 192.168.1.2 లాంటి ఖాళీ అంకెకు మార్చి, వైరును వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టాలి. వైఫై సెక్యూరిటీ సెట్టింగు డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ మీద ఉండాలి. టీకేఐపీ అని ఉంచితే భద్రత పోవడమే కాదు, వేగం కూడా 54 ఎంబీపీఎస్ దాటదు.

డిస్క్, ర్యామ్, విండోస్

హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ (కదిలే భాగాలు లేని డిస్క్) పెట్టడమే పాత డబ్బాకు చేయగలిగిన అతి పెద్ద మేలు. హెచ్61 బోర్డులో సాటా (డిస్క్ కలిపే పోర్టు) వేగం సెకనుకు 3 గిగాబిట్లే, అయినా వెనకాడొద్దు. చిన్న చిన్న ఫైళ్లను వెతికి తేవడంలోనే సమయమంతా పోతుంది, సూది కదిలే డిస్క్‌కు అది సెకనుకు వంద సార్ల దగ్గర ఆగితే ఎస్ఎస్‌డీకి వేలల్లో ఉంటుంది. పాత డిస్క్‌ను కొత్తదానికి క్లోన్ (ఉన్నదున్నట్టు నకలు) చేసే ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాంలో పాడైన చోట్ల లెక్క చూపే 05, సీ5, సీ6 వరుసలు చూడాలి. సీ5 సున్నా కాకపోతే ముందు ట్యాలీ డేటా, ముఖ్యమైన ఫోల్డర్లు బయటికి తీసుకోవాలి. క్లోనింగ్ ఆ తర్వాతే. చావబోతున్న డిస్క్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివిస్తే మధ్యలోనే ఆగిపోవచ్చు.

జీ41 బోర్డులకు 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ కొంటే రెండు వైపులా కలిపి 16 చిప్పులున్నదే తీసుకోవాలి, ఎనిమిది చిప్పులది పట్టదు. తక్కువ ధరకు "ఏఎండీకి మాత్రమే" అని అమ్మేవి ఇంటెల్ బోర్డులో పనిచేయవు. 32 బిట్ విండోస్ మీద 8 జీబీ పెట్టినా మూడు జీబీ చిల్లర కంటే ఎక్కువ వాడుకోలేదు. రోజూ తేదీ వెనక్కి పోయి, వెబ్‌సైట్లన్నీ సర్టిఫికెట్ తప్పు అంటుంటే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి, దానికి ఫార్మాట్ అక్కర్లేదు.

ఇప్పుడు వయసు నిజంగా అడ్డొచ్చే చోటు. విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆఫీసులు డబ్బు కట్టి మూడేళ్ల దాకా పొడిగించుకోవచ్చు. మొదటి ఏడాది ఒక్కో మెషీన్‌కు 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రత చిప్), ఇంటెల్‌లో అయితే 8వ తరం ప్రాసెసర్ కావాలి. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి గానీ, అప్‌డేట్లు వస్తాయనే హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ అయితే కోర్ 2 డ్యుయో మెషీన్లలో బూటే కాదు. జీఎస్టీ, బ్యాంకు పనులు చేసే మెషీన్‌కు అడ్డదారి వద్దని నా గట్టి అభిప్రాయం. డబ్బా మార్చే డబ్బులుంటే ముందు ఆ మెషీన్‌కే పెట్టాలి. బ్రౌజర్‌తో, ఉత్తరాలు టైపు చేయడంతో సరిపోయే టేబుల్‌కు 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీతో విండోస్ బదులు లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. ట్యాలీ ఉన్నచోట, డిజిటల్ సంతకం టోకెన్ ఉన్నచోట మింట్‌ను ఎక్కించే ముందు ఒక మెషీన్ మీద పరీక్షించాలి.

పారేయలేనివి

వేబ్రిడ్జి ఇండికేటర్ సీరియల్ పోర్టులో మాట్లాడుతుంది, కొత్త కంప్యూటర్‌కు ఆ పోర్టే ఉండదు. యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టగానే డివైస్ మేనేజర్‌లో "పీఎల్2303హెచ్ఎక్స్ఏ చిప్‌ను 2012లోనే ఆపేశాం, అమ్మినవాళ్లను అడగండి" అనే మాట వస్తే కన్వర్టర్ పాడైనట్టు కాదు. ఆ చిప్‌ను కొత్త డ్రైవర్ ఒప్పుకోవడం లేదు. ఎఫ్‌టీడీఐ లేదా సీహెచ్340 చిప్ ఉన్నది తీసుకోండి, డెస్క్‌టాప్ అయితే పీసీఐ ఎక్స్‌ప్రెస్ సీరియల్ కార్డు ఇంకా నమ్మకం. కన్వర్టర్‌ను వేరే యూఎస్‌బీ పోర్టులో పెడితే కామ్ నంబరు (సీరియల్ పోర్టుకు విండోస్ ఇచ్చే అంకె) మారిపోయి బరువు రావడం ఆగుతుంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగులో నంబరు కుదిరించి, ఆ పోర్టు పక్కన టేపు మీద రాసి పెట్టాలి. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్ని కామ్1 నుంచి కామ్4 దాకానే చూస్తాయి. అంకెలకు బదులు పిచ్చి గుర్తులు వస్తే బాడ్ రేటు (డేటా పంపే వేగం) తప్పు, 2400, 9600 రెండూ ప్రయత్నించండి. అసలేమీ రాకపోతే 2, 3 పిన్లు తారుమారై ఉంటాయి. ఈ వైరును 15 మీటర్లకు మించి లాగొద్దు.

ప్రింటింగ్ ప్రెస్సుల్లో అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 కోసం పాత విండోస్ ఎక్స్‌పీ మెషీన్ ఇంకా బతికే ఉంటుంది. ఏళ్ల నాటి పెళ్లి పత్రికలు, కరపత్రాలు అన్నీ ఆ ఫైళ్లలోనే. దాన్ని తీసేయమనను. నెట్‌వర్క్ వైరు మాత్రం పీకేయాలి. డిస్క్ బాగున్నప్పుడే క్లోనెజిల్లాతో మొత్తం ఇమేజ్ తీసుకోవాలి. పాత 40 పిన్ల ఐడీఈ డిస్క్ పోతే దానికి జోడీ దొరకడం కష్టం. కొత్త మెషీన్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం) పెట్టి అందులో ఎక్స్‌పీ నడపడం ఇంకా మంచిది, కానీ యూఎస్‌బీ లాక్ ఉన్న సాఫ్ట్‌వేర్ అందులో తెరుచుకుంటుందో లేదో చూసుకున్నాకే పాతదాన్ని ఆపాలి.

స్కాన్ చేసింది నేరుగా కంప్యూటర్ ఫోల్డర్‌లోకి పంపే పాత జిరాక్స్ మెషీన్లు ఎస్ఎంబీ1 (నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకునే పాత పద్ధతి) అడుగుతాయి. మెకానిక్ వచ్చి అన్ని కంప్యూటర్లలో అది ఆన్ చేసి పోతాడు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది సరిగ్గా ఆ ద్వారం నుంచే. బదులుగా ఒక్క కంప్యూటర్‌లో ఎఫ్‌టీపీ సర్వర్ (ఫైళ్లు అందుకునే ప్రోగ్రాం) పెట్టి, స్కాన్లు దానికి పంపించండి. లేదా పెన్ డ్రైవ్‌లోకి స్కాన్ చేయండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

తీసేసిన వాటి సంగతి. స్క్రాప్ దుకాణానికి పోయే ముందు డిస్క్ విప్పి పక్కన పెట్టాలి. హార్డ్ డిస్క్ అయితే మొత్తం ఒక్కసారి సున్నాలతో నింపితే చాలు, నడవనిదైతే డ్రిల్లుతో పళ్లేలను తూట్లు పొడవాలి. ఎస్ఎస్‌డీకి మామూలు ఫార్మాట్ చాలదు, కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం మిగతాది రిజిస్టరైన రీసైక్లర్‌కు చేరాలి. సీసం ఉన్న పాత గాజు మానిటర్లను పగలగొట్టొద్దు, రాగి కోసం వైర్లను కాల్చొద్దు. యూపీఎస్ బ్యాటరీని కొత్తది కొనే దుకాణంలోనే ఇస్తే ధరలో తగ్గిస్తారు. ఉంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: నడుస్తున్న డీడీఆర్3 ర్యామ్‌లు, సాటా కేబుళ్లు, వెనక సీరియల్ పోర్టు ఉన్న ఒక డబ్బా, 5, 9, 12 వోల్టుల అడాప్టర్లు ఒక్కొక్కటి. అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు మార్కర్‌తో పెద్దగా రాసి ఒకే అట్టపెట్టెలో వేయండి.